ఊనా కట్టిన ఈగ

గాలాల కొట్లో మలాకీ మాస్టారి దగ్గర ఆరేళ్లు, ట్రౌట్ చేపల్ని మోసగించడానికి గాలానికి తగిలించే దొంగ ఈగలు కట్టడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. కొక్కెం మీద కోడిపుంజు మెడ ఈకా, కుందేలు బొచ్చూ పెట్టి పట్టుదారంతో నేను కట్టిన ప్రతి ఈగనూ కొట్లో నలుగురి ముందూ కొసముడి కోసి, దారం విప్పేసి, ఉత్త కొక్కెం నా చేతిలో పెట్టేవాడు.

"చేపలు నవ్వి చస్తాయే నోరీన్. ఇంటికెళ్లి మేజోళ్లు అల్లుకో."

ఆరో ఏడు ఆయన కళ్లకు పొర కమ్మింది. నేను కనిపెట్టాను. ఎవరికీ చెప్పకుండా వేళ్ల అలవాటుతోనే నెట్టుకొస్తున్నాడు. కొట్టు యజమాని కాన్రాయ్ కిటికీ దగ్గరి బల్ల నాకిస్తానంటే మాత్రం, "దీనికా? వెలుతురు దండగ" అని చెడగొట్టాడు. వెలుతురు గురించి ఆయన మాట్లాడటం! ఒళ్లు మండిపోయింది.

ఆయన కోటు జేబులో పొగాకు డబ్బా, అందులో ఒకే ఒక్క ఈగ ఉండేవి. పోయిన భార్య ఊనా ఆఖరుసారి కట్టినది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఊనాది ఎడమచేతి వాటం. మా అందరి దారం ఒకవైపు తిరిగితే ఆమెది రెండోవైపు తిరిగేది.

మే నెలలో సరస్సు మీద అసలు ఈగలు లేచే వారం. కొట్టు గాలం వేసేవాళ్లతో కిటకిటలాడుతోంది. వంకీకి తగిలించి ఉన్న ఆయన కోటులోంచి డబ్బా తీసి, అందులోని ఈగను ఆయన చేతిలో పెట్టాను. తెలిసే చేశాను, అబద్ధమెందుకు?

"మాస్టారూ, ఈసారి బాగా కుదిరింది, చూడండి."

ఆయన దాన్ని కిటికీకేసి ఎత్తి, చూసినట్టు నటించాడు. "బొద్దింకలా ఉంది!"

అందరూ నవ్వారు. హుషారుగా కొసముడి కోసి దారం తిప్పాడు. విడిపోవలసింది ఇంకా చుట్టుకుంది.

"తిరగేసి కట్టి చచ్చావే మొద్దూ!" అంటూ అటువైపు తిప్పాడు. చుట్లు ఊడి ఈకలు రాలాక వేళ్లు ఆగిపోయాయి.

"ఊనా..." అని నేలమీద కూలబడి తడమసాగాడు. "ఈకలేవే?"

"మీ కాళ్ల దగ్గరే మాస్టారూ. కనబడటం లేదా?"

కొట్టంతా అటే చూస్తోంది.

"కనబడవు. నాకేమీ కనబడవు. ఏరిపెట్టు తల్లీ."

తల్లీ అనడం అదే మొదలు. ఏరి చేతిలో పోశాను.

"మళ్లీ కట్టగలవా?"

"చేపలు నవ్వి చస్తాయి" అన్నాను.

ఆ మాటకు ఈనాటికీ సిగ్గుపడతాను. సోమవారం కాన్రాయ్ ఇచ్చిన కిటికీ బల్లను మాత్రం వద్దనలేదు.