చిన్నత్తయ్య చేతి చెమట

మా ఆయన చెక్కతో పెన్నులు చేస్తాడు. పని బాగానే చేస్తాడు, చెప్పిన మాట వినడమే చేతకాదు. లేత్ మిషను మీద చెక్కముక్క గిర్రున తిరుగుతుంటే పక్కన మనిషి ఉన్నా ఆయనకి లేనట్టే. చెక్క సన్నగా, గుండ్రంగా తయారయ్యాక పైన పూత వెయ్యాలి. పూత లేకపోతే నాలుగు రోజులు వాడేసరికి మురికి పట్టి నల్లబడుతుంది. ఇన్నాళ్ళూ ఆయన వాడింది సూపర్‌గ్లూ. విరిగిన బొమ్మలు అతికించుకునే జిగురే, వేరేది కాదు. తిరుగుతున్న చెక్కకి కాగితం ముక్క ఆనించి, ఒక్కో చుక్కా వదులుతూ పొర మీద పొర వేస్తే గాజులా గట్టిపడుతుంది. గోటితో గీకినా గీత పడదు. దుకాణాల వాళ్ళు అడిగి మరీ తీసుకెళ్ళేది ఆ మెరుపు చూసే.

ఆ జిగురు పొగే మా కొంప ముంచింది. మొదట కళ్ళు మండేవి. తర్వాత దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత మెట్లెక్కి వస్తే మాట్లాడలేక చేత్తో సైగ చేసే దాకా వచ్చింది. డాక్టరు ముక్కుసూటి మనిషి. "ఆ జిగురు మీ ఒంటికి పడటం లేదు. మానకపోతే ఊపిరితిత్తులు పూర్తిగా పాడవుతాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చినా నేను చేసేదేం లేదు," అని మొహం మీదే చెప్పేశాడు. మా ఆయన బుద్ధిగా తలూపి, దారిలో మాస్కు కొనుక్కున్నాడు. అది పెట్టుకుంటే కళ్ళద్దాల మీద ఆవిరి పడుతోందని గడ్డం కిందికి లాగి పని చేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గడ్డంతో ఊపిరి పీలుస్తారా మీరు?" అన్నాను.

"ఇంత గట్టి పూత ఇంకోటి చూపించు, ఈ క్షణమే మానేస్తా," అన్నాడు.

ఆ మాట గట్టిగా పట్టుకున్నాం నేనూ, చిన్నత్తయ్యా. చిన్నత్తయ్య అంటే ఆయన పిన్ని. వాళ్ళమ్మ పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే, ఇప్పుడు మాతోనే ఉంటోంది. మా పనిలో ఆవిడకో ఉద్యోగం ఉంది. ఆవిడ అరచేతులకి పట్టే చెమట అంతా ఇంతా కాదు. గడియారం గొలుసు నల్లబడిపోతుంది, పుస్తకం అట్ట రంగు వేళ్ళకి అంటుకొస్తుంది. అందుకని కొత్త పూత ఏది వేసినా ఆ పెన్ను ముందు ఆవిడ చేతికే వెళ్ళేది. ఆవిడ దాంతో పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతుంది, చుట్టాలకి ఉత్తరాలు రాస్తుంది, ఆలోచించేటప్పుడు పెన్నుని అరచేతిలో పెట్టి నలుపుతుంది. ఆవిడ చేతికి ఆగిన పూత ఇంకెవరి చేతికైనా ఆగుతుందని మా ఇంట్లో నమ్మకం. "ఊరందరికీ చదువుకి ఉద్యోగాలొస్తే నాకు చెమటకి వచ్చింది," అని తనమీద తనే వేళాకోళం చేసుకునేది.

మైనం వేసి చూశాడు. ఆవిడ చేతిలో వారం తిరక్కుండానే వెలిసిపోయింది. అవిసె నూనె పట్టించి చూశాడు. ఎన్నాళ్ళకీ ఆరదు, ఆరాక జీవం ఉండదు. వార్నిష్ వేస్తే బంగారంలా ఉందనుకున్నాం, లోహం బిగించిన అంచుల దగ్గర పొట్టు పొట్టుగా లేచిపోయింది. ఏ పూత పోయినా ఆయన చెయ్యి జిగురు సీసా వైపు వెళ్ళేది, నా నోరు లేచేది. చివరికి లక్కని స్పిరిట్‌లో కరిగించి, అవిసె నూనె కలిపి, గుడ్డతో రుద్దాడు. అబ్బ, ఏం మెరుపు! పొగ లేదు, మంట లేదు. అలా చేసిన పెన్నులు రెండు తీసి చిన్నత్తయ్యకి ఇచ్చాడు. ఒకటి బస్సులో పోగొట్టుకున్నానంది. రెండోది మాత్రం నెల దాటాక తెచ్చి చూపిస్తే చెక్కుచెదరలేదు.

"చూశావా, పిన్ని చేతికి ఆగింది!" అని ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. జిగురు సీసాలన్నీ డబ్బాలో వేసి అటక మీద పడేశాడు. మెల్లగా దగ్గు తగ్గింది. ఎన్నాళ్ళకో నేను కంటినిండా నిద్రపోయాను.

ఆ మెరుపు చూసి బహుమతుల దుకాణం ఆవిడ పెట్టెడు పెన్నులు పట్టుకెళ్ళింది. మళ్ళీ ఆవిడే, అదే పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. తిట్టడానికి రాలేదు పాపం, మొహమాటపడుతూనే చెప్పింది.

"చేతికి అంటుకుంటున్నాయండీ. ఒకాయన శానిటైజర్ రాసుకుని పట్టుకున్నాడట, పూతంతా వేళ్ళకి వచ్చేసింది. మీ పాతరకం ఉంటే ఇవ్వండి. ఇవి నేను అమ్మలేను."

ఆవిడ వెళ్ళాక ఆయన ఒక్కో పెన్నూ తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. పట్టుకునే చోట మసక, వేలిముద్రలు. "పిన్ని చేతికి ఆగిందే. పిన్ని చేతికే ఆగిందే," అని తనలో తను గొణుక్కున్నాడు. తర్వాత తప్పు తనమీదే వేసుకున్నాడు. సరిగ్గా ఆరనివ్వలేదట, తొందరపడ్డాడట. నేనేదో అనేలోపే స్టూలెక్కి అటక మీది డబ్బా దించాడు.

నాకెందుకో అనుమానం తొలిచింది. చిన్నత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతోంది, ప్లాస్టిక్ పెన్నుతో.

"చెక్కపెన్ను ఏదత్తయ్యా?" అన్నాను.

చేతిలో పెన్ను పక్కన పెట్టి లేచింది. అలమరలో మడతపెట్టిన దుప్పటి కింద నుంచి, చేతిరుమాల్లో చుట్టి ఉన్నదాన్ని తీసిచ్చింది. మర విప్పి చూశాను. రీఫిల్‌లో సిరా నిండుగా ఉంది. ఒక్క ముక్క కూడా రాయలేదు దాంతో.

"ఇదేం పనత్తయ్యా?"

"మొదటిదాంతో రాశానే అమ్మాయ్. పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి జిగటలాడింది. బస్సులో పోలేదు, నేనే పారేశా. రెండోది ముట్టుకోకుండా దాచా."

"ఆగలేదని చెబితే ఏం పోయేది?"

"మళ్ళీ ఆ జిగురు తీసేవాడు. ప్రతిసారీ తీశాడుగా. నీకు పక్కగదిలో వినిపించినట్టే నాకూ వినిపించేది వాడి దగ్గు. ఓ నెలైనా ఆ దగ్గు ఆగిందా లేదా? అదే చాలనుకున్నా."

గట్టిగా తిడదామనే వెళ్ళాను. తిట్టలేకపోయాను. ఆవిడ అబద్ధం మీద కళ్ళు మూసుకుని నేనూ హాయిగా నిద్రపోయాను మరి. ఆయన పని చేసే గదిలోంచి లేత్ చప్పుడు మొదలైంది, వెంటనే ఆ ఘాటు వాసన గుమ్మం దాటి వచ్చింది. చిన్నత్తయ్య లేచి, స్టూలు పట్టుకుని ఆ గదిలోకి నడిచింది. ఆయన పక్కనే, లేత్‌కి ముఖం దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"పిన్నీ, అవతలికి వెళ్ళు. కళ్ళు మండుతాయి," అన్నాడు.

"మండనీ. ముందు నేను చెప్పేది విను. నీ పెన్నుతో నేను రాయలేదు. ఆగిందని అబద్ధం చెప్పా."

ఆయన లేత్ ఆపలేదు. ఆ మొహం చూస్తే నాకే భయమేసింది.

"అప్పుడే చెప్పుంటే ఇంకోటి వెతికేవాణ్ణి కదా పిన్నీ," అన్నాడు. "అది పోతే ఇంకోటి. పదిమంది చేతుల్లోకి వెళ్ళాక తెలిసింది నాకు. పేరు పోయింది. ఇప్పుడు నువ్వు ఏ పూత బాగుందన్నా నేనెలా నమ్మను?"

చిన్నత్తయ్య చేతులు ఒళ్ళోకి లాక్కుంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మాటకో, పొగకో నాకు తెలియదు.

"నమ్మకురా నాన్నా. కానీ నేనిక్కడి నుంచి లేవను," అంది.

ఆయన మొండి, ఆవిడ పెంచిన మొండి. మొహం అటు తిప్పుకుని కాగితం మీద ఇంకో చుక్క వేశాడు. పొగ లేచింది. చిన్నత్తయ్యకి పొలమారింది, ఒళ్ళంతా కదిలిపోయేలా దగ్గింది. అయినా ముఖం పక్కకి తిప్పలేదు. నేను కుర్చీ లాక్కొచ్చి ఆయనకి రెండోవైపు వేసుకున్నాను.

"నీకేం వచ్చింది?" అన్నాడు.

"మీకు వచ్చేదే నాకూ వస్తుంది."

"మీరిద్దరూ ఇక్కడుంటే నేను పనెలా చెయ్యను?"

"చెయ్యకూడదనే కూర్చున్నాం," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, పిన్నిని చూశాడు. ఆవిడ ఆవిరి పట్టుకున్నట్టు లేత్ మీదికి వంగి ఉంది. ఆయన స్విచ్చి ఆపేశాడు. ఆవిణ్ణి రెండు భుజాలూ పట్టి లేపి, కిటికీ దగ్గరికి నడిపించి, తలుపులు బార్లా తీశాడు.

"ఈ పూటకి ఆపాను. రేపటి సంగతి నన్నడక్కండి," అన్నాడు. ఆ ముక్క పూర్తయ్యేలోపే దగ్గు అందుకుంది. ఊచ పట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు. చిన్నత్తయ్య తడిచేత్తో ఆయన వీపు రాస్తూ నిలబడింది.