చలి ఎవరికి?

కరెంటు లారీ నడపడం మొదలుపెట్టాక ఓడ్రున్‌కి లోకం మళ్లీ వినపడింది. ముప్ఫై ఏళ్లు డీజిల్ ఇంజను హోరులో కూర్చుని కూర్చుని చెవులు పాడైపోయాయనే అనుకుంది. ఈ లారీలో మాత్రం చక్రాల కింద మంచు నలిగే చప్పుడు, వెనక పెట్టెల్లో ఐసు కదిలే చప్పుడు కూడా తెలుస్తున్నాయి. అలాంటి బండి ఈ వారంతో చేజారిపోయేలా ఉంది.

కంపెనీ ఈ చలికాలానికి ఒక్క లారీ కొని, ఒక వారం ఓడ్రున్‌కి, ఒక వారం తోటి డ్రైవరు ఐవిన్‌కి ఇచ్చింది. బోట్స్‌ఫ్యోర్డ్ రేవులో కాడ్ చేపలు ఎక్కించుకుని, కొండ దాటి, టానా ఊళ్లో దించాలి. బ్యాటరీ అంతా క్యాబిన్ వేడికే తగలేయకుండా సీటు కింద ఒక చిన్న హీటరు అమర్చారు. అది కాస్త డీజిల్ తాగి వెచ్చదనం ఇస్తుంది. దాని డీజిల్ అయిపోతే భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. ఐవిన్ వారమంతా తిరిగినా డీజిల్ మిగులుతుంది. ఓడ్రున్‌కి సగం వారానికే డబ్బా ఖాళీ. పోయినసారి బ్యాటరీ అడుగంటితే హీటర్లన్నీ కట్టేసి, దుప్పటి కప్పుకుని, పళ్లు టకటకలాడుతుండగా టానా చేరింది.

మెకానిక్కులు రెండుసార్లు విప్పి చూశారు. వాళ్ల ముందు హీటరు ఎంతో బుద్ధిగా పనిచేసింది. ఈసారీ ఇంతే అయితే బండి ఐవిన్‌కే ఇచ్చేస్తానని, ఆమె మళ్లీ పాత డీజిల్ బండి ఎక్కాల్సి ఉంటుందని మేనేజరు టోర్లైవ్ మర్యాదగానే చెప్పాడు. ఓడ్రున్‌కి కోపం రాకపోలేదు. కానీ అదే బండి, అదే దారి, మనిషిని బట్టి ఎందుకు మారుతోందన్న ఆరాటం ఆ కోపాన్ని మింగేసింది. తను తాగే కాఫీ ఆవిరి వల్లా? ఐవిన్ ఒంట్లోనే వేడి ఎక్కువా? ఆలోచించీ ఆలోచించీ ఆమె బుర్ర వేడెక్కింది కానీ సంగతి అంతుపట్టలేదు.

గురువారం నాడు టానాలో పళ్ల డాక్టరు దగ్గరికని ఐవిన్ కూడా లారీ ఎక్కాడు. కొండ మొదట్లోనే, మంచు ఎక్కువైతే దారి మూసే గేటు పడి ఉంది. మంచుగాలికి ముందున్న కారు కూడా ఆనడం లేదు. మంచు తోసే బండి వచ్చి అందరినీ వరసగా వెంటబెట్టుకు వెళ్లేదాకా అక్కడ పడిగాపులు కాయాల్సిందే. అప్పటిదాకా సీటు కింద డీజిల్ మండుతూనే ఉంటుంది. డబ్బాలో ఇంకెంత మిగిలి ఉంటుందోనని ఓడ్రున్ లెక్కలు వేసుకుంది.

ఐవిన్ కోటు విప్పాడు. కాసేపటికి స్వెటరు కూడా విప్పాడు. ఓడ్రున్ అలవాటుగా కిటికీ కొంచెం దించింది. గాలి ఆడకపోతే ఆమెకు నిద్ర కూడా పట్టదు.

"మహాతల్లీ, నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నావా, కాల్చుకు తినడానికా?"

"నీలాంటి ఎండుచేపని ఎవరు తింటారు!"

అందే కానీ, ఆమె చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. నీ వారంలోనూ ఇంత ఉక్కగా ఉంటుందా అని అడిగింది. లేదన్నాడు ఐవిన్. తను కోటు వేసుకునే నడుపుతానని, హీటరుకు పెట్టే అంకె మాత్రం ఎప్పుడూ ఇదేనని చెప్పాడు.

మంచుకు మూసుకుపోయిన దీపాలు తుడవాలని ఓడ్రున్ దిగబోయింది. స్టీరింగు పక్కన సన్నని జాలీకి ఆరేసిన ఉన్ని చేతి తొడుగులు తీసుకుని వేసుకుంది. పాత లారీలో ఆ చోటునుంచే వేడిగాలి వచ్చేది. ఈ లారీలోనూ ఛార్జింగు తీగ పట్టుకుని తడిసిన తొడుగుల్ని అక్కడే ఆరేయడం ఆమెకు మొదటినుంచీ అలవాటు.

పని చూసుకుని వచ్చి, తొడుగులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏదో తక్కువైనట్టు అనిపించింది. చెవులు రిక్కించింది. చలికాలమంతా సీటు కింద బుసకొడుతూ ఉన్న హీటరు నోరు మూసుకుంది.

"నువ్వేమైనా కట్టేశావా?"

ఐవిన్ లేదన్నాడు. ఆమె తొడుగులు మళ్లీ జాలీకి ఆరేసింది. కొంతసేపటికి బుస మొదలైంది. తీసేసింది. ఆగింది. చిన్నపిల్లలా మళ్లీ ఆరేసి చూసింది. తర్వాత జాలీకి చెంప ఆనించింది. వెచ్చటి గాలేమీ తగల్లేదు. జాలీయే సన్నగా గాలి లోపలికి లాక్కుంటోంది.

"ఇది ఊదట్లేదు, ఐవిన్. గాలి పీల్చి లోపల చలి ఎంతుందో చూసుకుంటోంది. నేనేమో దాని మొహాన తడి ఉన్ని కప్పాను." ఓడ్రున్ అతని వైపు తిరిగింది. "నీ తొడుగులు ఎక్కడ ఆరేస్తావ్?"

"ఆరేయడమెందుకు, పిర్రల కింద పెట్టుకుంటా. మా అమ్మ అలాగే నేర్పింది."

ఓడ్రున్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తెరిచిన కిటికీలోంచి ఎంత డీజిల్ కొండలపాలైందో తలుచుకుంటే సిగ్గూ వేసింది. అద్దం ఎక్కించి, మంచు తోసే బండి వెనకాలే కొండ దాటింది.

టానా చేరేసరికి డబ్బాలో డీజిల్ ఉంది, బ్యాటరీలో తిరిగి వెళ్లేంత సత్తువా ఉంది. టోర్లైవ్ ఫోన్ చేసి లోపం ఎక్కడో దొరికిందా అని అడిగాడు. ఏదో తీగ వదులైందని ఒక మాట అనేస్తే సరిపోయేది. కానీ అలా అనబుద్ధి కాలేదు.

"బండి తప్పేం లేదు. చలికాలమంతా నా తడి తొడుగుల్ని తాకి, పాపం, నాకే చలేస్తోందనుకుంది. నా కోసమే మండింది."

టోర్లైవ్ ఫోన్‌లోనే నవ్వాడు.

"అయితే ఇక దాన్ని కంగారుపెట్టకు. నీ వారం నీదే."

తిరుగు దారికి ఛార్జింగు తీగ విప్పి ఎక్కింది. తడి తొడుగులతో ఆమె చెయ్యి జాలీ దాకా వెళ్లి ఆగింది. వాటిని ఐవిన్‌లా తన కింద పెట్టుకుని కూర్చుంటే జివ్వుమంది. సీటు కింద చప్పుడు లేదు. చక్రాల కింద మంచు నలుగుతోంది. అది వినడానికి ఈ బండి తనకే ఉండిపోయినందుకు ఓడ్రున్‌కి భలే సంతోషం వేసింది.