భుజం చూసి ఎత్తుకునే పాట

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. వేదిక మీద నేను నోరు తెరిచినప్పుడు పాట రాకుండా పోవడం.

ఆ పాట నాది కాదు. ముఖం నాది, పెదవుల కదలిక నాది. గొంతు సుబ్బరావమ్మ గారిది. నేను ముందు నిలబడి నోరు ఆడిస్తే, ఆవిడ వెనక తెర చాటున పీట మీద కూర్చుని మైకులో పాడేవారు. సినిమాలో ఒకరు ఆడతారు, ఒకరు పాడతారు, నాటకంలో ఎందుకు కూడదు అన్నది మా కాంట్రాక్టరు భావనారాయణ గారి ఆలోచన. తల్లీతండ్రీ లేని ఒక అక్క తమ్ముణ్ణి పెంచే సినిమా కథ బాగా ఆడుతుంటే, దాన్ని ఆరు పాటలతో సహా ఆయన నాటకం చేశారు. నా ముఖం అందులో హీరోయిన్ పోలికగా ఉందని నన్ను తీసుకున్నారు. మా ఆయన మార్కు అప్పటికే ఆ సమాజంలో డోలక్ వాయిస్తున్నాడు. పర్చూరులో ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, చంకలో పాప. వేరే పనేముంది, చేరిపోయాను.

పల్నాడులో పద్దెనిమిది ఊళ్ళు ఆడాం. అన్ని ఊళ్ళలోనూ జనం విరగబడి చూశారు. ఒక ఊళ్ళో మా నాటకం అయిన నెలకి టూరింగ్ టాకీసులో ఆ సినిమా వచ్చింది. చూసినవాళ్ళు పనిగట్టుకుని మాకు కబురు పెట్టారు, సినిమాలో అమ్మాయి మీ అమ్మాయంత బాగా పాడలేదని. ఆ మాట విని సుబ్బరావమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక దగ్గారు. ఆ దగ్గు ఆగలేదు.

ఈ ఏడాది, ఎనభై నాలుగు మార్చిలో, గుంటూరు వచ్చాం. ఒక హాలులో మూడు రోజులు ఆట. హాలుకు దగ్గర్లోనే సత్రంలో మాకు రెండు గదులిచ్చారు. మొదటి ఆట రోజు పొద్దున ఆరు గంటలకి సుబ్బరావమ్మ గారు సత్రం పంపు దగ్గర కూర్చుని ఉప్పునీళ్ళతో గొంతు పుక్కిలిస్తున్నారు. ముందు తల వెనక్కి వాల్చి మూడుసార్లు, తర్వాత తల పక్కకు తిప్పి రెండుసార్లు. నలభై ఏళ్ళుగా రోజూ ఆ లెక్కే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మెడ మీద నరాలు తాళ్ళలా కనిపించేవి. ముఖం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు. ఆ మచ్చల వల్లే పదకొండో ఏట నుంచీ మగవేషాలు కట్టించారట, గడ్డం మీసం అతికిస్తే సగం ముఖం కప్పబడిపోతుందని. వేషాలకు కుదరని వయసు వచ్చాక తెర వెనక్కి వచ్చేశారు. ఇన్నేళ్ళు పాడినా ఆవిడ పేరు ఒక్క కరపత్రంలోనూ అచ్చు కాలేదు. మంగళగిరిలో మగ్గం నేసే భర్త ఉండేవాడట. ఊళ్ళు తిరిగే మనిషి నాకొద్దన్నాడట. ఆ సంగతి ఆవిడ తప్పిపోయిన బస్సు గురించి చెప్పినట్టు చెప్పేవారు.

గాలిలో మిరప ఘాటు. మిరప బస్తాలు నింపుకున్న లారీలు తెల్లవారకముందు నుంచే సత్రం మీదుగా మిర్చి యార్డుకు పోతున్నాయి. పంపు చుట్టూ ఉన్నవాళ్ళంతా దగ్గుతున్నారు.

"ఏం ఊరు అక్కా ఇది. ఊపిరి పీలిస్తే రోట్లో కారం దంచినట్టుంది," అన్నాడు హార్మనీ వాయించే బుడే సాహెబ్, కళ్ళు తుడుచుకుంటూ.

"దంచుకోరా. మధ్యాహ్నం కూర దండగ ఉండదు," అన్నారు ఆవిడ.

"ఇక్కడి జనం కుర్చీల్లో కూర్చుని దగ్గడానికే వస్తారేమో."

"రానీ. దగ్గేవాడు ఈల వెయ్యలేడు. మనకదే మేలు."

బుడే సాహెబ్ నవ్వి బకెట్టు ఎత్తుకుపోయాడు. సుబ్బరావమ్మ గారు మళ్ళీ దగ్గారు. ఊరంతా దగ్గుతుంటే ఆవిడ దగ్గు ఎవరి చెవినా పడలేదు. నాకు మాత్రం విడిగా వినపడింది. ఆ దగ్గు గొంతులోంచి కాదు, ఇంకా కిందనుంచి వచ్చేది.

నేను చేసిన పని ఇక్కడ చెప్పాలి. ఆట జరిగేటప్పుడు మా పాప ఉయ్యాల తెర వెనకే, వెదురుబొంగుకు వేలాడేది. ఉయ్యాల తాడు సుబ్బరావమ్మ గారు కాలి బొటనవేలికి కట్టుకుని, పాడుతూనే ఊపేవారు. పాట వేగం పెరిగినా కాలు వేగం పెరిగేది కాదు. ఎనిమిది నెలల పిల్ల ఒక్కనాడూ ఏడ్చి ఆట చెడగొట్టలేదు. వినుకొండలో ఆఖరి ఆట రోజు, ఆవిడ పీట పక్కన నేల మీద ఉమ్మి దానిమీద మట్టి కప్పుతుంటే చూశాను. కప్పకముందు రంగు కూడా చూశాను. మా మేనత్తకు ఇలాగే మొదలై ఏడాది తిరక్కుండా పోయింది, ఆమె వెనకే ఆమె చంటివాడూ పోయాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. భావనారాయణ గారి దగ్గరకు పోయి చెప్పేశాను. గుంటూరులో పెద్దాసుపత్రి ఉంది, ఆయన తీసుకెళ్ళి చూపిస్తారని చెప్పాను. ఇప్పుడు అలా అనుకుంటున్నాను. ఆ నిమిషంలో నా మనసులో ఉన్నది ఉయ్యాల ఒక్కటే.

పది గంటలకు హాలుకు పోయాం. వేదిక మీద, ఎప్పుడూ హార్మనీ పెట్టే బల్ల మీద, కొత్త టేప్‌రికార్డరు ఉంది. భావనారాయణ గారు దాన్ని తువ్వాలుతో తుడుస్తున్నారు. చీరాలలో చీరల వ్యాపారం చేసే మనిషి, దేన్నయినా తుడిచి, మడిచి, ఎదుటివాడికి చూపించడం ఆయన చేతుల్లో ఉంది.

"సుబ్బరావమ్మ గారూ, ఈ మూడు రోజులూ మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి," అన్నారు.

ఆవిడ పీట వెతుక్కుంటూ ఆగారు. "ఏమిటండీ అది?"

"ఆ సినిమా పాటలే. ఆరూ ఒకే క్యాసెట్టులో ఉన్నాయి. గుంటూరు వాళ్ళు ఆ బొమ్మ నాలుగేసిసార్లు చూసినవాళ్ళండీ. రేడియోలో రోజూ వింటారు. వేరే గొంతు వినపడితే ఊరుకోరు."

"పల్నాడులో ఊరుకున్నారుగా."

"అక్కడ చూడనివాళ్ళు. చూడనివాళ్ళకు మనం చూపించిందే సినిమా. ఇక్కడ పక్క కుర్చీవాడు పాట మనకంటే ముందే అందుకుంటాడు. బొమ్మ నాటకమై ఈ ఊరు దాటిందా, విజయవాడ దాకా ఆగదు. దాటకపోతే ఇక్కడితో సరి. అందరం ఎవరి ఊరు వాళ్ళు పోవడమే."

"టేపు బాగానే పాడుతుంది. మధ్యలో కరెంటు పోతేనో?"

"పోకూడదని దణ్ణం పెట్టుకుందాం." ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గొంతు తగ్గించారు. "మీ ఒంట్లో కూడా బాగోలేదటగా. జయకుమారి చెప్పింది. పసిబిడ్డ తల్లి, దాని భయం దానిది."

సుబ్బరావమ్మ గారు నావైపు చూశారు. నేను పాప గౌను సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. తిడతారనుకున్నాను. బుడే సాహెబ్ హార్మనీ పెట్టె మూత తీసి మళ్ళీ మూశాడు.

"చెప్పి మంచిపనే చేశావమ్మాయ్," అన్నారు ఆవిడ. అంతే. ఆ మాటలో కోపం ఎక్కడైనా ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. ఆవిడ తినలేదు. నన్ను ఉండమన్నారు. పాపను పట్టుకోమని మార్కుకు ఇచ్చి హాలులోనే ఉండిపోయాను.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. తెరకు చిన్న చీలిక. దానిలోంచి ఆవిడకు నా ముఖం కనిపించదు, ఎడమ భుజం కనిపిస్తుంది. నేను ఊపిరి తీసుకుంటే భుజం లేస్తుంది. ఆ భుజం చూసి ఆవిడ పాట ఎత్తుకునేవారు. ఒక రోజు నాకు కన్నీళ్ళు నిజంగానే వచ్చి ఆలస్యమైతే, ఆవిడ కూడా ఆగారు. జనం ఆ ఆగడానికే చప్పట్లు కొట్టారు.

"ఈ డబ్బా నీ భుజం చూడదు," అన్నారు ఆవిడ టేప్‌రికార్డరు ముందు కింద కూర్చుంటూ. "కనక నువ్వే దాన్ని చూసుకోవాలి. వెయ్యి."

వేశాను. మొదటి పాట వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. చూపుడువేలు నేల మీద తాళం వేస్తోంది.

"ఆపు. విన్నావా? ఈ పిల్ల 'వెన్నెల' అనకముందే ఊపిరి తీసుకుంది. నేను అన్నాక తీసుకుంటాను. నీ భుజం నాకు అలవాటు పడింది. మార్చుకో."

"నాకు రాదు పిన్నిగారూ."

"నోరు ఆడించడానికి రాకపోవడం ఏమిటి? ఈవిడ బాగా పాడుతుంది. చదువుకున్న గొంతు. ఎక్కడా తడుముకోదు."

"మీలా లేదు."

"ఉండకూడదు. ఉంటే నన్నెందుకు మానిపిస్తారు?" ఆవిడ నవ్వబోయి దగ్గు ఆపుకున్నారు, పక్కకు తిరిగి, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని. "మళ్ళీ వెయ్యి."

ఆరు పాటలూ అలాగే వేసి, ఆపి, వేసి నేర్పారు. ఎక్కడ ఊపిరి, ఎక్కడ పెదవి మూయాలి, ఎక్కడ జనం వైపు వెన్ను తిప్పితే నోరు కనిపించదు. నాటకం మొదలుపెట్టినప్పుడు నాకు ఇన్ని నేర్పలేదు, అవసరం రాలేదు. అయ్యేసరికి నాలుగైంది. "ఆసుపత్రికి పోదామా పిన్నిగారూ, దగ్గరేనట," అన్నాను. "ఆట అయ్యాక చూద్దాంలే," అన్నారు. ఎవరి ఆట అని నేను అడగలేదు.

ఆరున్నరకు తెర లేచింది. హాలు నిండిపోయింది, తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు. మొదటి పాట దగ్గర నేను నోరు తెరిచాను. పాట వచ్చింది. ఆ సినిమా గొంతు, నున్నగా, పెద్దగా, హాలు నాలుగు మూలలా. జనం ఒక్కసారి ఊగినట్టయింది. రెండో చరణంలో వాళ్ళే అందుకున్నారు. ముందు వరుసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ పాడుతున్నాడు. నేను రెండుసార్లు సగం మాట వెనకబడ్డాను. ఎవరూ చూడలేదు. ఎవరికీ నా నోటితో పనిలేదు.

పాట అయ్యాక వన్స్ మోర్ అన్నారు. భావనారాయణ గారు టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. రెండోసారి కూడా అదే పాట, అక్కడే ఊపిరి. సుబ్బరావమ్మ గారు ఏనాడూ రెండోసారి మొదటిసారిలా పాడలేదు.

దుస్తులు మార్చుకోడానికి లోపలికి వచ్చినప్పుడల్లా చూశాను. ఆవిడ తన చోటే, పీట మీద, మైకు లేకుండా కూర్చున్నారు. కాలికి ఉయ్యాల తాడు ఉంది, విప్పమనడానికి నాకు నోరు రాలేదు. కాలు కదులుతోంది, పెదవులు కూడా. మూడో పాట దాకా ఉన్నారు. నాలుగో పాట, తమ్ముణ్ణి నిద్రపుచ్చే పాట, పల్నాడులో ఆవిడకు అన్నిచోట్లా మూడుసార్లు పాడవలసి వచ్చేది. ఆ పాట అయి నేను లోపలికి వచ్చేసరికి పీట ఖాళీ. ఉయ్యాల తాడు బుడే సాహెబ్ చేతిలో ఉంది. హార్మనీ మనిషికి కూడా ఆ రోజు పని లేదు.

"బస్సుకు పోయింది. తొమ్మిదింటికి వినుకొండ బండి ఉందట, మేనకోడలి ఇంటికి," అన్నాడు. "బస్టాండు దాకా వస్తానంటే వద్దంది. పాపను చూసుకోమంది."

"ఏమైనా చెప్పారా?"

"ఐదో పాటలో రెండో చరణం దగ్గర నువ్వు తొందరపడతావంట. ఆగమంది."

భావనారాయణ గారు బయట నుంచి నా పేరు పిలిచారు. వెళ్ళాను. ఐదో పాట రెండో చరణం దగ్గర ఆగాను. సరిగ్గా కుదిరింది.

మూడు రోజులు అనుకున్న ఆట పన్నెండు రోజులు ఆడింది. బొమ్మ నాటకమై పెద్ద ఊరు దాటగలదా అని అడిగినవాళ్ళందరికీ భావనారాయణ గారు జవాబు చెప్పారు. ఇప్పుడు విజయవాడకు బయలుదేరుతున్నాం. పాప బాగానే ఉంది. నేను నోరు తెరిచిన ప్రతిసారీ పాట వస్తోంది. అయినా ఆ భయం పోలేదు, ఇంకా పెరిగింది. ఎందుకో నాకు సరిగ్గా తెలియదు.

సత్రం గది ఖాళీ చేస్తూ నీళ్ళకుండ వెనక ఊడుస్తుంటే గోడవారగా ఒక స్టీలు గ్లాసు దొరికింది, బోర్లించి ఉంది. అంచు కింద ఎర్రదారం మూడు చుట్లు తిప్పి ముడివేసి ఉంది. వేరేవాళ్ళు తాగకుండా గుర్తు. ఊరి బయట పేటలో పుట్టినదాన్ని, వేరే గ్లాసంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు హోటలు వాళ్ళు విడిగా పెట్టేవారు. సుబ్బరావమ్మ గారికి ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నారు. దారం రంగు వెలిసిపోయింది. నేను నేల మీద నెత్తురు చూసిన రోజుకంటే చాలా ముందే కట్టి ఉంటారు.

వినుకొండకు రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. రోజూ ఆట, నేను కదలలేను. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అటు వెళ్తే, కొండ దిగువ వీధిలో ఆవిడ మేనకోడలు పేరమ్మ ఇల్లు ఎక్కడని అడగండి. సుబ్బరావమ్మ గారు అక్కడికి చేరారా, ఆసుపత్రిలో చూపించుకుంటున్నారా, ఒక్కసారి చూసి రండి. నా పేరు చెప్పాలని లేదు. గ్లాసు నా పెట్టెలో, పాప బట్టల మధ్య ఉంది. దారం నేను విప్పలేదు.