మూడో మలుపులో తప్పు

సిద్దిపేట మెదక్ రోడ్డులో మోటర్ వైండింగ్ చేసే జగదీశ్వర్‌తో ఎవరూ మాట్లాడరు. అతనేం చెడ్డవాడు కాదు, కోపిష్టీ కాదు. కాలిపోయిన బోరు మోటరుకు రాగితీగ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఎవరైనా "ఏం జగదీశన్నా, బాగున్నవా" అంటే లెక్క తప్పుతుంది. తప్పిందంటే విప్పి మళ్లీ మొదటినుంచి. అందుకని ఒకటి రెండుసార్లు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇరవై ఏళ్లలో ఊరంతా ఆ సంగతి నేర్చేసుకుంది. కొండపాక నుంచి వచ్చిన రైతు మోటరు దించి, పేరు రాసిన చీటీ దానికి కట్టి, చెప్పుల చప్పుడు కూడా కాకుండా వెళ్లిపోతాడు. చాయ్ తెచ్చే మనిషి గ్లాసు పెట్టి కళ్లతోనే సైగ చేసి పోతాడు. తీగ పట్టుకోని వేళల్లోనూ జనానికి అదే అలవాటైపోయింది. నలభై ఆరేళ్లొచ్చినా పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడగడం కూడా మానేశారు. అలా అడుగుతున్నన్నాళ్లూ విసుక్కున్న మనిషికి, అడగడం మానేశాక దిగులు పట్టుకుంది.

అలాంటివాడికి పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా మాత్రం వేరే లోకం ఉంది. కోమటి చెరువు కట్ట మీద ఊళ్లోవాళ్లు వాకింగ్ చేసే వేళకు అతను వంటగది పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. చేతిలో విమానం నడిపే జాయ్‌స్టిక్, కాళ్లకింద రెండు పెడళ్లు, చెవులకు హెడ్‌ఫోన్. యుద్ధ విమానాల సిమ్యులేటర్ అది. ఆట అంటే మాత్రం అతనికి ఒళ్లు మండుతుంది. ఆటైతే ఇన్ని నియమాలుంటాయా అంటాడు.

ఆ మాటా నిజమే. 'పాలపిట్ట స్క్వాడ్రన్' అని పేరు పెట్టుకున్న ఆ బృందంలో నలభై మంది తెలుగువాళ్లున్నారు. వరంగల్లులో ఒకరు, విశాఖలో ఒకరు, దుబాయిలో ఇద్దరు, ఇలా. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. కొత్తగా చేరినవాడికి ఒక గురువును కేటాయిస్తారు. పన్నెండు పాఠాలయ్యాక చెక్ ఫ్లైట్ ఉంటుంది. గురువు విమానానికి కుడివైపు కాస్త వెనకగా, నూటయాభై అడుగుల దూరం పెరగకుండా తరగకుండా నాలుగు మలుపులు తిరిగి, ఇద్దరూ జంటగా నేలకు దిగాలి. గురువు పాసంటే పాసు. పాసైనవాడు ఆదివారం సాయంత్రాలు పదహారు మంది కలిసి చేసే మిషన్లలోకి, వేరే లీడర్ కిందికి వెళ్లిపోతాడు. గురువుతో అతనికి ఇక పనుండదు.

జగదీశ్వర్ అయిదేళ్లలో పదకొండు మందిని అలా సాగనంపాడు. చివరివాడు హస్నైన్, "మీరు లేకపోతే నేను లేను సార్" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అనలేదు. అందులో అతని తప్పేమీ లేదు, అతనికి తీరిక లేదు, అంతే. ఆ నెలంతా జగదీశ్వర్ అయిదున్నరకే లేచి, చేయడానికేమీ లేక, ఒక్కడే విమానం ఎగరేసి దించాడు.

పన్నెండోవాడు దత్తాత్రి. బోధన్ డిపోలో ముప్పయ్యొక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. మొదటి రోజే అడిగిన ప్రశ్న, "సారూ, దీనికి హారన్ ఏడున్నది?"

"హారన్ ఉండదు దత్తన్నా."

"మరి ముందలున్నోడు జరగకపోతే?"

జగదీశ్వర్ పగలబడి నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడ్డాడు. దత్తాత్రికి అన్నిటికన్నా కష్టమైంది వెనకుండడం. ముందున్న విమానం కాస్త నెమ్మదిస్తే చాలు, చెయ్యి దానంతటదే ఓవర్‌టేక్‌కు పోయేది. "ముప్పయ్యొక్క ఏండ్ల పాపం సారూ, గిన్నొద్దులకు ఊకెనే పోతదా!" అనేవాడు. ఈ వయసులో ఈ పిచ్చేమిటని అడిగితే, "రోడ్డు మీదనే బతుకంత పాయె. ఒక్కపారన్న రోడ్డు మీదికెళ్లి లేవాల్నని ఉండె" అన్నాడు.

పాఠమయ్యాక తప్పొప్పులు మాట్లాడుకోవడం పదినిమిషాల పని. వాళ్లది అరగంటకు తక్కువ సాగేది కాదు. బాన్సువాడ రూటులో మేకతో సహా ఎక్కిన ముసలమ్మ సంగతి, వానాకాలంలో మంజీర పొంగితే ప్రయాణికులకు బస్సులోనే ఉప్మా వండించిన సంగతి, ఒకటా రెండా. ఒకరోజు దత్తాత్రి మాటల మధ్యలో, "ఇయ్యాల ఏం కూర సారూ?" అని అడిగాడు. ఆ మాట తననెవరైనా అడిగి ఎన్నేళ్లయిందో జగదీశ్వర్‌కు గుర్తు రాలేదు. నిన్నటి అన్నంలో మామిడి తొక్కు వేసుకున్నానని చెప్పడానికి ముఖం చెల్లక, బీరకాయ అని అబద్ధమాడాడు. ఆ రోజునుంచి సరిగ్గా వండుకోవడం మొదలుపెట్టాడు. రేపు అడిగితే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒక్కో పాఠం పది పన్నెండు రోజులు సాధన చేయగా, అయిదు నెలలకు చెక్ ఫ్లైట్ రోజు వచ్చింది. దత్తాత్రి నడిపిన తీరుకు వంక పెట్టడానికి లేదు. నాలుగు మలుపుల్లోనూ తాడు కట్టినట్టు వెంట వచ్చాడు. జంటగా దిగారు. హెడ్‌ఫోన్‌లో అతని ఊపిరి వినిపిస్తోంది, ఏమంటారా అని ఎదురుచూస్తున్నాడు. పాస్ అనడానికే జగదీశ్వర్ నోరు తెరిచాడు.

"మూడో మలుపుల కొద్దిగ వెనకవడ్డవు దత్తన్నా. ఇంకో పది దినాలు జేద్దాం."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి అతనికి ఒక నిమిషం పట్టింది. వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. దత్తాత్రి మాత్రం, "అవునా? నాకు సమజ్ కాలె. సరే సారూ, జేద్దాం" అన్నాడు. రేపు కూడా మాట్లాడే మనిషి ఉంటాడని జగదీశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు షాపులో తీగ చుడుతూ చుడుతూ తనను తానే బూతులు తిట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత రెండోసారి. మళ్లీ అదే మాట, మూడో మలుపు. ఒకసారి చెప్పిన అబద్ధం కాబట్టి రెండోసారి సులువుగానే వచ్చింది.

నిజానికి ఇలాంటివి జరగకుండా స్క్వాడ్రన్‌లో ఒక పద్ధతుంది. దిగిన వెంటనే లీడర్‌గా ఎగిరినవాడు మొదట తన తప్పులు తానే చెప్పుకోవాలి, ఒక్కటీ దాచకుండా. ఆ తర్వాతే వెనకున్నవాడి తప్పులెంచాలి. అక్కడ పెద్దా చిన్నా లేదు. ఎవరికైనా అనుమానముంటే ఫ్లైట్ రికార్డు తెరిస్తే క్షణక్షణం ఎవరు ఎంత దూరంలో ఉన్నారో అంకెలతో సహా చూపిస్తుంది. జగదీశ్వర్ తన తప్పులు చెప్పుకోవడంలో దిట్ట. "రేడియోల రెండు సెకన్లు లేటు జేసిన, నాలుగో మలుపు జెర గట్టిగ తిప్పిన" అని ఏకరువు పెట్టేవాడు, అసలు తప్పొక్కటి వదిలేసి. రికార్డు తెరుద్దామా అని నియమం ప్రకారం అడిగేవాడు కూడా. "మీరు జూసిన్రు గద, ఇంక నేను జూసుడెందుకు" అనేవాడు దత్తాత్రి. అలా అంటాడని తెలిసే అడిగేవాడు.

ఇంతలో శిక్షణ వ్యవహారాలు చూసే భువన హైదరాబాద్ నుంచి మెసేజ్ పెట్టింది. ఆదివారం మిషన్‌లో పదహారో స్థానం ఖాళీగా ఉంది, దత్తాత్రి గారి పేరు రాయమంటారా అని. 'ఆయనింకా తయారు కాలేదు' అని జవాబిచ్చాడు.

మూడో చెక్ ఫ్లైట్ శుక్రవారం పొద్దున పెట్టుకున్నారు. ఇంకా ఇంజన్ కూడా స్టార్ట్ చేయలేదు, దత్తాత్రి గొంతు సవరించుకున్నాడు.

"సారూ, ఒక మాట. ఇయ్యాల గూడ కాకపోతే ఇంక నేను రాను. మీరేమనుకోవద్దు."

"గట్లెందుకు దత్తన్నా, తొందరేమున్నది?"

"తొందర గాదు. మొన్న నిజామాబాద్ పోయి కండ్లు సూపిచ్చుకొచ్చిన. డాక్టరు కండ్లకేం గాలేదన్నడు. మరి నాకు గా మూడో మలుపు ఎందుకు తెలుస్తలేదు? నేను సరిగ్గనే ఉన్న అనుకుంటున్న, మీరేమో తప్పన్నరు. మీరు అబద్ధమెందుకు జెప్తరు? అంటె నా దూరం అందాజే పోయినట్టు గద. ముప్పయ్యొక్క ఏండ్లల ఒక్క ఆక్సిడెంట్ జెయ్యలేదు సారూ. నాకున్నదే గా ఒక్క గర్వం. ఇప్పుడేమనిపిస్తుందంటె, అప్పుడు గూడ నేను గిట్లనే తప్పు నడిపిననేమో, అదృష్టం బాగుండి జనం బతికిన్రేమో అని. పండుకుంటె గదే మతికొస్తుంది. మా ఇంటామె అంజవ్వ తిడ్తది, ఆటకు గింతగనం బుగులువడ్తరా అని."

ఆపేద్దాం, ఇప్పుడే చెప్పేద్దాం అనుకున్నాడు జగదీశ్వర్. ధైర్యం చాలలేదు. "పోదాం పా దత్తన్నా" అని మాత్రం అనగలిగాడు.

పైకి లేచారు. మొదటి మలుపులోనే దత్తాత్రి పక్కకొచ్చి కుదురుకున్నాడు. రెండో మలుపు. మూడో మలుపు తిప్పుతూ జగదీశ్వర్ తెర మీది దృశ్యాన్ని పక్కకు తిప్పి చూశాడు. కుడివైపు, ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది ఆ విమానం. ఆ కుర్చీలో ఒక పెద్దమనిషి ప్రాణాలు ఉగ్గబట్టుకుని, తాను చేయని తప్పును వెతుక్కుంటూ కూర్చున్నాడని తెలిసి జగదీశ్వర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయి. నాలుగో మలుపు తానే సరిగ్గా తిప్పలేకపోయాడు. అయినా దత్తాత్రి వదలకుండా వెంట వచ్చాడు. జంటగా దిగారు.

"చెప్పున్రి సారూ" అన్నాడు దత్తాత్రి.

"ముందు నా తప్పులు జెప్పాలె."

"ఆఁ, చెప్పున్రి."

"నాలుగో మలుపు ఖరాబు జేసిన." మైకు నోటికి దగ్గరగా లాక్కున్నాడు. "మొదటి చెక్ ఫ్లైట్‌ల నువ్వు పాసైనవు దత్తన్నా. రెండోదాంట్ల గూడ పాసైనవు. మూడో మలుపుల నీ తప్పేం లేకుండె. నేనే అబద్ధం జెప్పిన."

హెడ్‌ఫోన్‌లో దత్తాత్రి వంటింట్లోంచి ప్రెషర్ కుక్కర్ కూత, ఎవరో స్టవ్ తగ్గించమని అనడం వినిపించాయి.

"రికార్డు తెరువు" అన్నాడు దత్తాత్రి. ఇన్ని నెలల్లో అతను తనను నువ్వు అనడం ఇదే మొదటిసారని జగదీశ్వర్ గమనించాడు.

మూడు ఫ్లైట్‌లూ తెరిచాడు. ఇద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఒకే బొమ్మ చూశారు. మూడో మలుపు దగ్గర మూడుసార్లూ ఆపాడు. నూట నలభై ఎనిమిది అడుగులు. నూట యాభై రెండు. నూట యాభై. దత్తాత్రి అంకెలను పైకే చదివాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

"ఎందుకు?"

"పాసైతే పోతవు గద. పొద్దుగాల నాతోని మాట్లాడేటోడు ఇంకెవ్వడు లేడు."

ఆ మాట చెప్పడానికి కష్టపడాల్సి వస్తుందనుకున్నాడు. తీరా చూస్తే ఎంత చిన్న మాట! చెప్పాక తన వయసుకు తానే సిగ్గుపడ్డాడు.

దత్తాత్రి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా అన్నాడు. "మొదటిసారి చెక్ ఫ్లైట్‌కు ముందురోజే అంజవ్వ అన్నది, పాసైతివంటె మీ సారును ఇంటికి పిలువు, ఒక్కడే ఉంటడంటివి గద, రెండొద్దులు మన దగ్గరుంటడు అని. బియ్యం గూడ పట్టిచ్చి పెట్టింది. మీ సిద్దిపేట బస్సు ఎన్నిటికి బయిలెల్తదో నేను డిపోల కనుక్కొచ్చిన. ఫెయిలైనంక ఏం మొఖం పెట్టుకొని పిలుస్తనని ఆగిన."

జగదీశ్వర్ చెయ్యి జాయ్‌స్టిక్ మీద అలాగే ఉండిపోయింది.

"ఒక్కమాట అడిగితె ఏమైతుండె జగదీశ్వర్? దత్తన్నా, పాసైనంక గూడ మాట్లాడుకుందమా అంటె నేను వద్దంటుంటినా? పాసని రాయి. ఆదివారం నేను నడుపాలె."

రాశాడు. తెర మీద దత్తాత్రి పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నాడని చూపే పచ్చటి చుక్క ఆరిపోయింది. ఎప్పుడూ చెప్పే 'ఉంట సారూ' చెప్పలేదు.

ఆ పగలే జగదీశ్వర్ భువనకు జరిగిందంతా రాశాడు, ఏమీ దాచుకోలేదు. ఆరు నెలల దాకా ఎవరికీ నేర్పవద్దని ఆమె జవాబిచ్చింది. అంతకన్నా పెద్ద శిక్ష వేస్తుందనుకున్నాడు. ఆదివారం మిషన్ తాను మాట్లాడకుండా విన్నాడు. దత్తాత్రి నడపడం చూసి, ఇంత బాగా నేర్పిందెవరని దుబాయి నుంచి ఆ మిషన్ నడిపించిన లీడర్ అడిగాడు. దత్తాత్రి, "సిద్దిపేట సారు" అన్నాడు. దానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

సోమవారం అయిదున్నరకు జగదీశ్వర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దత్తాత్రి పేరు మీద నొక్కి, 'దత్తన్నా, మాట్లాడుకుందమా?' అని రాశాడు. రెండుసార్లు చెరిపి, మూడోసారి పంపాడు. జవాబు రాకపోయినా ఏడు దాకా ఎదురుచూసి, హెడ్‌ఫోన్ తీసి, షాపుకు బయల్దేరాడు.