నిండిన బొగ్గు

నేను ఒక బొగ్గును. పొయ్యిలోది అనుకునేరు, కాదు. కోనసీమ కొబ్బరి చిప్పను కాల్చి, నిప్పులాంటి ఆవిరి పట్టించి, ఒంటినిండా కంటికి ఆనని తూట్లు పొడిచి నన్ను తయారుచేశారు. గుప్పెడు నన్ను విప్పి పరచగలిగితే పదెకరాల చెలకంత అవుతాను. నీళ్లలోని పాడును ఆ తూట్లలో పట్టి ఉంచుకోవడమే నా కొలువు. పట్టుకోవడం తప్ప నాకింకేమీ చేతకాదు.

మందుల ఫ్యాక్టరీల వెనకున్న ఒక ఊరికి నన్ను తెచ్చి, మంచినీళ్ల ప్లాంటు ట్యాంకులో పోశారు. ప్లాంటు నడిపేది నర్సిమ్లు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఫ్యాక్టరీలు వాగులో వదిలిందంతా బోరులోకి దిగి నా దగ్గరికొచ్చేది. జ్వరం మందు, నొప్పుల మందు, చీము ఆరడానికి వేసే మందు. జబ్బు లేనివాళ్లకు కూడా ఇన్ని మందులు పోసే దాతలను నేనెక్కడా చూడలేదు.

ఏడాది తిరిగేసరికి నిండిపోయాను. ఏడాదికోసారి బొగ్గు మార్చాలని బస్తా మీదే అచ్చేసి ఉంది. నర్సిమ్లు ఆ బస్తాను వాన పడకుండా మోటారు మీద కప్పాడు. ఎవరైనా అడిగితే గ్లాసుడు నీళ్లు ఎండకు ఎత్తి చూపేవాడు.

"సూడుండ్రి, ఎంత తేటగున్నయో. నా బిడ్డకు గివ్వే తాపుతున్న."

అందులో అబద్ధం లేదు. మూడేళ్లు ఆ మందులు నన్ను దాటి తేటగానే పోయాయి. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ తర్వాత అతని కూతురు స్రవంతి కాలిలో మేకు దిగింది. పుండు మానలేదు. ఒకరోజు ప్లాంటుకు బువ్వ తెచ్చిన తల్లి ఎల్లవ్వతో నర్సిమ్లు అన్నాడు.

"గోలీలు పనిజేస్తలేవంటనే అమ్మా. పురుగు గా మందుకు అలవాటు పడ్డదంట. గా మందు మనమెన్నడు తిన్నం?"

జవాబు నా ఒళ్లంతా ఉంది. నోరు మాత్రం లేదు. అంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు.

నెల తర్వాత నీళ్లు పరీక్షించడానికి ఒకామె వచ్చి, బొగ్గు పనికిరాదు, మార్చమంది. నర్సిమ్లు నన్ను షెడ్డు వెనక కుప్పపోశాడు. ఎల్లవ్వ గంప తెచ్చింది.

"కొబ్బరి బొగ్గు, పనికిరాకుంటేమి? పండ్లు తోముకోనీకి మంచిగుంటది."

రోట్లో ఉప్పు వేసి నన్ను మెత్తగా దంచింది. మర్నాడు పొద్దున, ఆసుపత్రిలో కాలు పోగొట్టుకుని వచ్చిన స్రవంతి గడపలో కూర్చుని చెయ్యి చాపింది.

"జర ఎక్కువెయ్యి నానమ్మా."

ఇప్పుడు నేను ఆ పిల్ల అరచేతిలో ఉన్నాను. నాలుగేళ్లుగా పట్టుకున్నదంతా ఇంకా నాలోనే ఉంది. ఈ ఒక్కసారి పట్టు సడలకుంటే చాలు. కాని తడివేలు తగలగానే ఏదో నాలోంచి జారుతోంది. స్రవంతి నోరు తెరిచింది.