గురి తప్పిన సంచి

యాభై తొమ్మిదేళ్లకు స్కూటీ ఏమిటని మా ఆయన శశిభూషణ్ గారు మొదటి రోజే తేల్చేశారు. విద్యానగర్‌లో ఉన్న అక్కయ్య దగ్గరికి ఎవరినీ బతిమాలకుండా వెళ్లాలని నా కోరిక. స్కూటీ నేర్చుకునే మూడో క్లాసులో బ్రేకు నొక్కాల్సిన చోట యాక్సిలరేటర్ తిప్పి, యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డు పక్క పొదల్లో పడ్డాను.

"ఈ వయసులో కొత్తవి బుర్రకెక్కవు అరుంధతీ, మానెయ్" అన్నారాయన. నిజమేనేమో అని నాకూ భయం పట్టుకుంది.

తార్నాకలో మా పై వాటాలో అద్దెకుండే అలేఖ్య యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేస్తోంది. ప్రయోగానికి పెద్దవాళ్లు కావాలంటే నేనూ మా ఆయనా వెళ్లాం. ఇక్కడా నేర్చుకోలేకపోతే స్కూటీ ఊసే ఎత్తనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

గోడ మీద ఒక గుండ్రటి గీత. కళ్లద్దాలు పెట్టుకుని చిన్న ఇసుక సంచితో దాన్ని కొట్టాలి. ఆ అద్దాల్లో అన్నీ కాస్త కుడిపక్కకు జరిగి కనిపిస్తాయి.

మా ఆయన మూడు విసిరి, మూడూ తప్పి, "అద్దాలే బాగోలేవు" అని తీసేశారు. తీశాక సూటిగా గీత మధ్యలో కొట్టారు. ఆ గర్వం చూడాలి!

నేను ఇరవై విసిరాను. మొదట అన్నీ కుడికి పోయాయి. పోనుపోను దగ్గరికొచ్చి, చివరి నాలుగూ తగిలాయి. హమ్మయ్య అనుకుని అద్దాలు తీసి విసిరితే సంచి మూరెడు ఎడమకు పోయింది.

"చెప్పానా!" అని నవ్వారాయన. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అలేఖ్య మాత్రం చప్పట్లు కొట్టింది. "అంకుల్, ఆంటీ గెలిచింది. మెదడు ముందే ఒక అంచనా వేసుకుంటది. తప్పినప్పుడల్లా దిద్దుకుంటది. ఆంటీ మెదడు మంచిగ దిద్దుకుని కాస్త ఎడమకు విసురుడు నేర్చుకున్నది, గందుకే అద్దాలు తీసినా ఎడమకే పోయింది. మీరు మూడు తప్పంగనే ఆపేసిన్రు. ఇగ దిద్దుకునేదేమున్నది?"

మా ఆయన మెల్లగా చెయ్యి చాచారు. "ఆ అద్దాలు ఇటివ్వమ్మా, ఇంకో ఇరవై వేస్తాను."

ఆయన మొదటి సంచి కిటికీకి తగిలినప్పుడే నా ఫోన్ మోగింది. స్కూటీ నేర్పే లావణ్య.

"రేపు వస్తున్నరా ఆంటీ, మానేస్తున్నరా?"

"వస్తానమ్మా. ఇంకా చాలాసార్లు పడాలి" అన్నాను.