తోటమ్మ అడిగిన తాళంచెవి

ఆ అపార్టుమెంటు ప్రహరీ పొడవునా నలభై మందార మొక్కలు. ఎర్రని రెక్క మందారాలు, పసుపు ముద్ద మందారాలు. రోడ్డున పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేవారు. వాటిని పెంచిన మనిషి వైపు మాత్రం ఎవరి చూపూ పోయేది కాదు. అందరూ ఆమెను తోటమ్మ అనేవారు.

పొద్దున్నే ఏడింటికి వచ్చేది. మొక్కల మొదళ్లలో మన్ను వేలితో పొడిచి చూసి, తడి ఆరిన మొక్కకే నీళ్లు పెట్టేది. కొమ్మల సందుల్లో తెల్లగా పిండినల్లి పురుగు కనబడితే సబ్బునీళ్లతో ఒక్కో ఆకూ తుడిచేది, చంటిపిల్ల మొహం తుడిచినట్టు. సాయంత్రం ఐదింటికి ఇంటిదారి పట్టేది. ఈ పది గంటల్లో ఆమె గుక్కెడు మంచినీళ్లు తాగేది కాదు.

తాగితే వెళ్లడానికి చోటు లేదు మరి. కింద పార్కింగులో మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం, ‘అతిథులకు మాత్రమే’ అని బోర్డు. వాచ్‌మన్ ఏ గోడ చాటుకో వెళ్లొచ్చేవాడు. ఆడమనిషి ఎక్కడికి పోతుంది? తాళంచెవి ఇమ్మని అపార్టుమెంటు సంఘం సెక్రటరీని రెండుసార్లు అడిగింది.

"మీటింగులో పెడతాలేమ్మా" అన్నాడాయన.

ఆ మీటింగులో మొక్కల ఎరువు గురించి గంటసేపు వాదించుకున్నారు. తాళంచెవి మాటే రాలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు కొమ్మలు కత్తిరిస్తూ తోటమ్మ నడుము పట్టుకుని కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది, వణుకు. మొదటి అంతస్తులో ఉండే రిటైరైన నర్సు చూసి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇన్ఫెక్షన్ మూత్రపిండాలదాకా పాకిందన్నారు.

"నీళ్లు తాగవా?" అని అడిగింది నర్సు.

"ఇంటికెళ్లాక తాగుతానమ్మా. పన్లో ఉన్నంతసేపూ తాగను. పదకొండేళ్ల నుంచీ అలవాటైపోయింది." తప్పు తనదే అయినట్టు తల దించుకుంది తోటమ్మ.

ఆ పదకొండేళ్లూ నర్సు కూడా ఆ భవనంలోనే ఉంది.

మూడు వారాల తర్వాత తోటమ్మ వచ్చేసరికి సెక్రటరీ మొక్కల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మొగ్గలన్నీ రాలిపోతున్నాయి. అందరూ నా ప్రాణం తోడేస్తున్నారు. ఏం చేయాలో చెప్పు."

ఆమె మన్ను ముట్టుకు చూసింది. "నాలుగు రోజులు ఎండబెట్టి, ఒక్కరోజు ముంచేశారు. అట్లా చేస్తే మందారం మొగ్గ నిలవదు సార్." కత్తెర మాత్రం అందుకోలేదు. "ఆ తాళంచెవి ఇవ్వండి. ఇస్తేనే పని మొదలుపెడతాను."

"అందరూ వాడితే శుభ్రం ఎవరు చూస్తారు?"

"మెట్లు తుడిచేదీ, మీ ఇంట్లో గిన్నెలు తోమేదీ, ఈ ఆకులు ఊడ్చేదీ మేమే కదా సార్. ఇన్నాళ్లూ మీ శుభ్రం చూసింది ఎవరనుకున్నారు?"

అప్పటికే నర్సు కిందికి దిగి వచ్చి తోటమ్మ పక్కన నిలబడింది. సెక్రటరీ ఇద్దరినీ చూసి గుత్తిలోంచి తాళంచెవి తీశాడు.

"సర్లే, పాపం, నీ పరిస్థితి చూసి ఇస్తున్నాను."

"జాలిపడి ఇవ్వకండి" అంది నర్సు. "ఆమె ఒళ్లు గుల్ల చేసింది మనం. అందులో నేనూ ఉన్నాను. ముందు ఆ బోర్డు పీకేయండి."

తోటమ్మ తాళంచెవి అందుకుంది. సంతోషమేమీ కలగలేదు. వేలెడంత ఇనప ముక్క కోసం ఇన్నేళ్లు దాహం చంపుకున్నానా అని ఒళ్లు మండిపోయింది. ఆ మంట న్యాయమైనదే. మనిషి చేత పొద్దంతా పని చేయించుకుంటూ, ఆ మనిషికి మరుగుదొడ్డి లేకుండా చేయడం పచ్చి దౌర్జన్యం.